బ్యాటరీ ఆగిన కారు: మార్చాలా, అమ్మాలా, ఆగాలా?

పెట్రోలు కారు ముసలిదవడం మన ఇళ్ళకు తెలిసిన సంగతే. ఒక ఏడు క్లచ్ ప్లేటు, మరో ఏడు రేడియేటరు, ఆపైన ఇంజను పని. ఖర్చు విడతలు విడతలుగా వస్తుంది, గృహస్థు కూడా విడతలుగానే సర్దుకుంటాడు. విద్యుత్ కారు వృద్ధాప్యం అలా ఉండదు. ఏడెనిమిదేళ్ళు ఇంజనాయిలు మార్పిడి కూడా అడగకుండా నడిచిన బండి ఒక ఉదయం మీటరు మీద ఎర్ర గుర్తు చూపి నిలిచిపోతుంది. సర్వీస్ సెంటరు వారు ఇచ్చే అంచనా కాగితంలో ఒకే ఒక్క వస్తువు పేరు ఉంటుంది. దాని ఎదురుగా ఉన్న మొత్తం, మిగతా కారంతా అమ్మినా రానంత ఉంటుంది.

అప్పుడు ఇంట్లో మూడు అభిప్రాయాలు పుడతాయి. కొత్త బ్యాటరీ వేయిద్దామని కొడుకు, వచ్చిన కాడికి అమ్మేద్దామని తండ్రి, అసలు కారు లేకుండా మనం బ్రతకలేదా అని తల్లి. ముగ్గురి మాటలోనూ నిజముంది. ఏది ఏ ఇంటికి వర్తిస్తుందన్నదే తేల్చుకోవలసిన విషయం.

మన ప్రాంతానికి ఈ ప్రశ్న ఇప్పుడిప్పుడే వస్తున్నది గాని, దేశానికి కొత్త కాదు. 2001లో బెంగళూరు నుండి వచ్చిన ‘రేవా’ అనే చిన్న కారు సీసపు బ్యాటరీలతో నడిచేది. దాన్ని కొన్నవారు కొన్నేళ్ళకోసారి బ్యాటరీల సెట్టు మార్చుకోవడాన్ని బండి ఖర్చులో భాగంగానే లెక్కవేసుకునేవారు. 2009లో అదే కారు లిథియం బ్యాటరీతో వచ్చింది. 2010లో ఆ సంస్థను మహీంద్రా తీసుకున్నది. 2013లో ‘ఈ2ఓ’, 2016లో నాలుగు తలుపుల ‘ఈ2ఓ ప్లస్’ వచ్చాయి. 2019లో వాటి ఉత్పత్తి ఆగిపోయింది. 2020 జనవరిలో టాటా నెక్సాన్ ఈవీ, ఎంజీ జెడ్ఎస్ ఈవీ మార్కెట్లోకి వచ్చాయి. నెక్సాన్ బ్యాటరీకి ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఇచ్చారు. అంటే తొలి బండ్లకు 2028 ఆరంభంలో ఆ గడువు తీరుతుంది. టాక్సీగా తిరిగినవాటికి కిలోమీటర్ల గడువు అంతకంటే ముందే తీరుతుంది. ఇలాంటి బండ్లే చేతులు మారి, తక్కువ ధరకు వచ్చాయన్న సంతోషంతో నగరం అంచుల్లోని మధ్యతరగతి ఇళ్ళకు చేరుతాయి. మేడ్చల్, శామీర్‌పేటల్లో ఇల్లు చవక, దూరం ఎక్కువ. కొంపల్లి, సుచిత్రల మీదుగా ఒకరు, తూముకుంట, హకీంపేట, అల్వాల్‌ల మీదుగా మరొకరు రోజూ నగరానికి వెళ్ళిరావాలి. కిలోమీటరుకు రూపాయిన్నర ఖర్చయ్యే బండి కనబడితే మనసు లాగడం సహజం.

నిర్ణయానికి ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘బ్యాటరీ పోయింది’ అనే మాటకు నాలుగైదు అర్థాలున్నాయి. ఏ అర్థమో తెలియకుండా లక్షలు తీసి ఇవ్వడం వివేకం కాదు.

ప్రతి విద్యుత్ కారులోనూ పెద్ద బ్యాటరీ ప్యాక్‌తో పాటు మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. కారు కంప్యూటర్లను మేల్కొలిపేది, పెద్ద ప్యాక్‌ను మోటారుకు కలిపే స్విచ్చులను మూసేది ఆ చిన్నదే. అది నీరసించినా బండి కదలదు, తెరమీద భయపెట్టే సందేశాలు వరుసకడతాయి. దాని ధర కొన్ని వేల రూపాయలు మాత్రమే. ఆ స్విచ్చులే పాడై ఉండవచ్చు. ప్యాక్ లోపలి వేడిమిని కొలిచే చిన్న తీగ తెగి ఉండవచ్చు. ఛార్జర్ పోయి ఉండవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ బ్యాటరీ చావు కాదు.

నిజంగా ప్యాక్‌లోనే లోపమున్నా, అది ప్యాక్ అంతటా ఉండనక్కరలేదు. 320 వోల్టుల ప్యాక్ కావాలంటే 3.2 వోల్టుల సెల్స్ వంద వరుసగా కలపాలి. తస్బీహ్‌లోని పూసల్లాగా అవన్నీ ఒకే దారం మీద ఉంటాయి. దారం ఒక్కచోట తెగితే మొత్తం మాల చేతిలోంచి జారిపోతుంది. ఒక సెల్ బలహీనపడితే, దాన్ని కాపాడటానికి ప్యాక్‌ను కనిపెట్టి ఉండే ఎలక్ట్రానిక్ యంత్రాంగం తక్కిన తొంభై తొమ్మిదింటినీ ఆపేస్తుంది. కాబట్టి సర్వీస్ సెంటరు వారిని అడగవలసిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. ప్యాక్ ఆరోగ్యం ఎంత శాతం ఉంది, అతి ఎక్కువ, అతి తక్కువ వోల్టేజి ఉన్న సెల్స్ మధ్య తేడా ఎంత, ఏ మాడ్యూల్‌లో ఆ తేడా ఉంది అన్నవి అడగాలి. ఇవి వారి కంప్యూటర్లో ఉంటాయి. ముద్రించి ఇమ్మని అడగండి. నోటిమాటతో సరిపెట్టుకోకండి.

ఇక మూడో రకం ఆగిపోవడం కాదు, అరిగిపోవడం. కొత్తలో 110 కిలోమీటర్లు నడిచిన చిన్న కారు ఇప్పుడు 65 నడుస్తున్నదనుకుందాం. ఔటర్ రింగు రోడ్డెక్కి గచ్చిబౌలి వెళ్ళిరావలసిన ఉద్యోగికి అది పనికిరాదు. వేగం పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి పెరిగి ఆ 65 ఇంకా కుంచించుకుపోతుంది. కానీ శామీర్‌పేట నుండి అల్వాల్ బడికి పిల్లల్ని దించి వచ్చే తల్లికి ఆ బండిలో లోపమేమీ లేదు. ఆమె బ్యాటరీ మార్చనక్కరలేదు, బండి అమ్మనక్కరలేదు. దూరపు పని వేరే దారిన చూసుకుంటే చాలు. మేడ్చల్ వారికైతే 2023 ఏప్రిల్ నుండి సికింద్రాబాదుకు ఎంఎంటీఎస్ రైలు ఉంది. శామీర్‌పేటకు ఆ భాగ్యం లేదు, రాజీవ్ రహదారి బస్సులే గతి.

మా మదరసాకు పిల్లల్ని పంపే ఒక కుటుంబం ఈ చిక్కులో పడింది. ఇల్లు శామీర్‌పేటలో, బట్టల దుకాణం మేడ్చల్లో. రెండో చేతి విద్యుత్ కారు, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. వారంటీ తీరిన ఐదు నెలలకు తూముకుంట దగ్గర నిలిచిపోయింది. కొత్త ప్యాక్‌కు 5,40,000 రూపాయల అంచనా ఇచ్చారు. ఇంట్లో అంత సొమ్ము ఒకేచోట ఉన్నది ఒక్కటే, తల్లి ఉమ్రా కోసం, ఇంటి మరమ్మతు కోసం కలిపి దాచినది. “బేటా, నా ప్రయాణం వచ్చే ఏడు పెట్టుకుందాం, ముందు బండి చేయించు, దుకాణం ఆగకూడదు కదా” అన్నదట ఆమె. కొడుకు నా దగ్గరకు వచ్చి, “మౌలానా, అమ్మీ మనస్ఫూర్తిగానే ఇస్తున్నారు, తీసుకోవచ్చా?” అని అడిగాడు.

తీసుకోవడం ధర్మసమ్మతమే. కానీ ఆ ప్రశ్నకంటే ముందు లెక్క చూడాలి కదా అన్నాను. ఇద్దరం కూర్చుని వేసుకున్న లెక్క ఇతరులకూ పనికొస్తుందని ఇక్కడ ఉంచుతున్నాను.

చాలామంది చేసే లెక్క ఇలా ఉంటుంది. ప్యాక్ ధర 5,40,000. ఆరేళ్ళు వస్తుంది, ఏటా 12,000 కిలోమీటర్లు. మొత్తం 72,000 కిలోమీటర్లకు కిలోమీటరుకు ఏడున్నర రూపాయలు బ్యాటరీ ఖర్చు. దానికి కరెంటు కలిపితే పెట్రోలుకంటే ఖరీదు. కాబట్టి దండగ. ఈ లెక్కలో ఒక లోపముంది. పెట్రోలు కారు ఊరికే రాదు, దాన్నీ కొనాలి. కాబట్టి పోల్చవలసింది రెండు దారులను. ఒకటి, 5,40,000 పెట్టి ఉన్న కారును బ్రతికించడం. రెండు, ఉన్నది ఉన్నట్టు లక్షకు అమ్మి, నాలుగు లక్షలకు వాడిన పెట్రోలు కారు కొనడం, అంటే చేతినుండి మూడు లక్షలు. రెండింటి మధ్య తేడా 2,40,000. ఇక నడక ఖర్చు: లీటరు 107 రూపాయల లెక్కన, లీటరుకు 15 కిలోమీటర్లు వస్తే పెట్రోలుకు కిలోమీటరుకు ఏడు రూపాయల పది పైసలు. ఇంటి కరెంటు మూడు వందల యూనిట్లు దాటిన నెలలో పై యూనిట్లకు 9 రూపాయలు పడుతుంది. యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు, ఛార్జింగులో వృథా అయ్యేది కలిపితే రూపాయిన్నర. ప్రతి కిలోమీటరుకు మిగిలేది ఐదు రూపాయల అరవై పైసలు. 2,40,000ను దానితో భాగిస్తే దాదాపు 43,000 కిలోమీటర్లు.

అంటే 43,000 కిలోమీటర్లు నడిచాకే కొత్త బ్యాటరీ లాభంలో పడుతుంది. ఏటా 25,000 నడిపే టాక్సీ సోదరునికి అది రెండేళ్ళలోపు మాట, ఆయన మార్చుకోవడమే మేలు. ఏటా 12,000 నడిపే ఈ దుకాణదారునికి మూడున్నరేళ్ళు. శుక్రవారం మసీదుకు, ఆదివారం బంధువుల ఇంటికి మాత్రమే తీసేవారికి, ఏటా 6,000 అనుకుంటే, ఏడేళ్ళు దాటుతుంది. ఈలోగా ఆ కారు స్టీరింగు, ఏసీ, మోటారు కంట్రోలర్ కూడా వయసు మీదపడుతూనే ఉంటాయి. అలాంటివారు లక్షలు పెట్టి ప్యాక్ వేయించడం నా దృష్టిలో అనవసరపు ఖర్చే. పాఠకులు తమ అంకెలు వేసుకోవాలి. ధరలు ఊరికీ, ఏటికీ మారుతాయి, లెక్క వేసే తీరు మారదు.

ఆ కుటుంబం చివరకు మూడో దారి పట్టింది. లోపలి నివేదిక తీయిస్తే ఒకే మాడ్యూల్ బలహీనంగా ఉన్నట్టు తేలింది. విద్యుత్ వాహనాల పనే చేసే ఒక వర్క్‌షాపు దాన్ని మార్చి, 85,000 తీసుకుని, ఏడాది పూచీ రాసిచ్చింది. కారు పది నెలలుగా నడుస్తున్నది. తక్కిన మాడ్యూల్స్ వయసు కూడా అంతే కనుక రేపు మరొకటి పోవచ్చు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసే ఒప్పుకున్నాడు. తల్లి ఉమ్రాకు వెళ్ళి వచ్చింది.

ఈ మూడో దారి ప్రపంచానికీ కొత్తది కాదు. నిస్సాన్ లీఫ్ కారు యజమానులకు జపాన్‌లో 2018 నుండి మరమ్మతు చేసిన పాత ప్యాక్‌లు కొత్తదాని ధరలో సగంకంటే తక్కువకు, మూడు లక్షల యెన్‌లకు ఇచ్చారు. ఫుకుషిమా ప్రాంతంలోని నమియెలో అందుకోసం ఒక కర్మాగారమే పెట్టారు. మన దగ్గర కంపెనీలు ఇలాంటి మార్పిడిని బాధ్యతగా తీసుకుంటే ఎన్నో ఇళ్ళు తేరుకుంటాయి.

అయితే మాడ్యూల్ మార్పిడి పేరుతో వీధి చివర ఇన్వర్టర్లు బాగుచేసే కుర్రవాని చేత ప్యాక్ విప్పించవద్దు. మూడు వందల వోల్టుల డీసీ కరెంటు ఒక్క తాకిడితో ప్రాణం తీయగలదు. సరిగా బిగించని సెల్ తర్వాత ఎప్పుడో అర్ధరాత్రి అంటుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఇంట్లో ఛార్జింగులో ఉన్న స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించాడు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాదులో, కింద విద్యుత్ స్కూటర్ల షోరూము ఉన్న హోటల్ భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది పోయారు. అలాంటి ప్రమాదాల తర్వాతే బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కేంద్రం కఠినం చేసి, 2022 డిసెంబరు, 2023 మార్చి నెలల నుండి రెండు దశల్లో అమలులోకి తెచ్చింది. అంతకుముందు తయారైన ప్యాక్‌ను విప్పించేటప్పుడు రెట్టింపు జాగ్రత్త అవసరం. పనిచేసే చోట రసీదు, పూచీ కాగితం, మార్చిన సెల్స్ వివరం మూడూ రాతపూర్వకంగా తీసుకోవాలి. సెల్స్ కొత్తవా, మరో కారులోంచి తీసినవా అన్నది అందులో స్పష్టంగా ఉండాలి.

ధర విషయంలో మన ప్రభుత్వాల పన్ను విధానం కొంత విచిత్రంగా ఉంది. కొత్త విద్యుత్ కారు మీద జీఎస్టీ 2019 ఆగస్టు నుండి 5 శాతం. అదే కారుకు విడిగా లిథియం బ్యాటరీ కొంటే 18 శాతం. ఉన్నదాన్ని బాగుచేసుకునేవాడు కొత్తది కొనేవాడికంటే ఎక్కువ రేటున పన్ను కట్టాలన్నమాట. తెలంగాణలోనైతే 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు కొత్త విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మాఫీ చేశారు. కొత్త కారు కొనే స్తోమత ఉన్నవారు దీన్ని కూడా లెక్కలో చేర్చుకోవాలి. ప్రపంచ మార్కెట్లో ప్యాక్‌ల సగటు ధర 2024లో యూనిట్ సామర్థ్యానికి 115 డాలర్లకు దిగింది. 2010లో అది వెయ్యి డాలర్లు దాటి ఉండేది. ఆ తగ్గుదల అంతా మన అంచనా కాగితంలో కనబడదు, ఎందుకంటే మనం కొనేది ఒక కారుకే సరిపోయే, ఒకే చోట దొరికే వస్తువు. అయినా తొందర లేనివారు కొన్ని నెలలు ఆగితే నష్టపోరు. ఉత్పత్తి ఆగిపోయిన మోడల్ అయితే మాత్రం ఆగడం ప్రమాదం. రేపు ఆ ప్యాకే దొరకకపోవచ్చు.

సొమ్ము లేనప్పుడు అప్పు మాట వస్తుంది. బ్యాటరీ కోసం వడ్డీ రుణం ఇప్పిస్తామనేవారు షోరూములోనే కూర్చుని ఉంటారు. మన ఇళ్ళకు ఆ తలుపు మూసే ఉంది. బంధువుల్లో కర్జె హసన దొరికితే గడువు రాసుకుని తీసుకోండి. బ్యాటరీని అద్దెకిచ్చే పద్ధతి ఒకటి 2024లో ఎంజీ విండ్సర్ కారుతో ప్రచారంలోకి వచ్చింది: కారు 9.99 లక్షలు, బ్యాటరీకి కిలోమీటరుకు మూడున్నర రూపాయలు. దీని గురించి ఫోన్లు చేసి అడుగుతున్నారు. అద్దె ఒప్పందం, అంటే ఇజారా, ధర్మసమ్మతమే. కానీ అద్దె వస్తువు చెడిపోతే నష్టం యజమానిదిగా ఉండాలి. బ్యాటరీ పోయినా కిస్తీ కట్టాల్సిందేనని, ఆలస్యమైతే వడ్డీ పడుతుందని లోపలి పేజీలో ఉంటే, పైన రాసిన పేరు ఏదైనా అది రుణమే. సంతకానికి ముందు ఆ పేజీ చదవండి. బ్యాటరీ కోసం నెలనెలా కూడబెట్టేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. వాడుకునే కారు మీద జకాత్ లేదు గాని, చేతిలో ఉన్న నగదు నిసాబ్‌కు చేరి ఏడాది నిండితే, అది బ్యాటరీకని దాచినదైనా జకాత్ చెల్లించాలన్నదే ఎక్కువమంది ధర్మవేత్తల మాట.

అమ్మదలచినవారితో కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి. విద్యుత్ కారు లోపం కంటికి కనబడదు. పెట్రోలు బండిని ఇంజను శబ్దం పట్టిస్తుంది, పొగ పట్టిస్తుంది. బ్యాటరీ సగం చచ్చిన కారు కూడా నున్నగా, నిశ్శబ్దంగా కదులుతుంది. కొనేవాడు పావుగంట నడిపి మురిసిపోతాడు. నిండా ఛార్జి చేసి చూపించి, తెరమీద పాత హెచ్చరికలు చెరిపించి అమ్మడం కొందరికి తెలివిగా తోస్తున్నది. మదీనా బజారులో దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసిన సంఘటన మన పిల్లలకు కూడా తెలుసు. పైన పొడి గింజలు, లోపల తడి. ఆ తడిని పైన ఎందుకు పెట్టలేదని ఆ వ్యాపారిని నిలదీశారు. బ్యాటరీ నివేదిక ఆ తడి గింజలే. దాన్ని కొనేవాని చేతిలో పెట్టి, ధర తగ్గించి అమ్మండి. దాచి అమ్మితే, లోపం బయటపడ్డాక బండి వాపసు చేసే హక్కు కొన్నవానికి ధర్మశాస్త్రం ఇచ్చింది. కొనేవారికి కూడా ఇదే సూచన. నివేదిక చూపనివాని దగ్గర కొనవద్దు. వీలైతే ఒకసారి నిండా ఛార్జి చేసి, శామీర్‌పేట నుండి బయలుదేరి ఛార్జి ఇరవై శాతానికి దిగేదాకా నడిపి, వచ్చిన కిలోమీటర్లు రాసుకోండి. ఇంతకంటే నిజం చెప్పే పరీక్ష లేదు. వారంటీ రెండో యజమానికి వర్తిస్తుందా అన్నది పుస్తకంలో చూసుకోండి, అమ్మేవాని మాట మీద వదలకండి.

వారంటీ ఉండగానే బండి మొరాయిస్తే ఫిర్యాదు వెంటనే రాతలో పెట్టాలి. ఫోను మాటలకు సాక్ష్యం ఉండదు. ఎన్నోసార్లు తిప్పించి గడువు దాటించే ప్రయత్నం జరిగితే, గడువులోనే ఇచ్చిన మొదటి జాబ్ కార్డు మీకు ఆధారం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా కమిషన్‌లో రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర ఐదు లక్షలలోపైతే రుసుము లేదు. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. మామూలు పాలసీ ప్రమాదాన్ని భరిస్తుంది గాని అరుగుదలను భరించదు.

ఉన్న బ్యాటరీ ఎక్కువ కాలం రావాలంటే రెండే శత్రువులను దూరంగా ఉంచాలి: ఎండ, అతి. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం నిండా ఛార్జి చేసిన కారును ఎండలో వదలడం రెండు తప్పులు ఒకేసారి చేయడం. నీడలో పెట్టండి. రోజువారీ పనికి ఎనభై శాతం చాలు. అయితే కొన్ని రకాల బ్యాటరీలకు అప్పుడప్పుడూ నిండా ఛార్జి చేయమని కంపెనీయే చెబుతుంది, అలాంటప్పుడు వారి మాటే వినాలి. ఉమ్రాకో, గల్ఫ్‌లోని పిల్లల దగ్గరకో నెలరోజులు వెళ్ళేవారు బండిని నిండుగానో ఖాళీగానో వదలక సగం ఛార్జితో ఉంచాలి. చిన్న 12 వోల్టుల బ్యాటరీ విషయంలో ఏం చేయాలో పుస్తకంలో చూసుకోవాలి. తిరిగొచ్చాక కదలని కార్లలో చాలావాటి జబ్బు అదే.

చివరకు మార్చడానికే నిర్ణయించుకుంటే, పాత ప్యాక్ సంగతి ధర మాట్లాడేటప్పుడే తేల్చుకోండి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత ఉత్పత్తిదారులది. వాటిని ఇంటి చెత్తలో కలపకుండా అప్పగించే బాధ్యత మనది. కారుకు పనికిరాని ప్యాక్‌లో కూడా మంచి సెల్స్, విలువైన లోహాలు మిగిలి ఉంటాయి. దానికి విలువ కట్టి కొత్తదాని ధరలో తగ్గించమని అడగండి, తగ్గింపు ఎంతో బిల్లులో రాయించండి. పాత సామాన్ల బండివానికి తూకం లెక్కన మాత్రం ఇవ్వకండి. అతడు దాన్ని సుత్తితో పగలగొడతాడు, ప్రమాదం అతని పిల్లలు ఆడుకునే చోట ఉంటుంది.